మామయ్య తెచ్చిన వజ్రం

మా మామయ్యకు ఆస్తిపాస్తులు లేవు, తెలిసినవాళ్ళున్నారు. పన్ను పీకించుకోవాలన్నా, ఇల్లు మారాలన్నా, పాత ఫ్రిజ్ వదిలించుకోవాలన్నా "ఆగండాగండి, మావాడొకడున్నాడు" అనేవాడు. నాన్న పోయాక నన్నూ తమ్ముణ్ణీ చదివించింది కూడా అలాగే, ఒకరిచేత సీటు ఇప్పించి, ఇంకొకరిచేత ఫీజు తగ్గించి. నేను కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు పరీక్షించే పనిలో చేరింది ఆయన మాట మీదే. ఇప్పుడు అందరికీ అన్నీ ఫోన్లోనే దొరుకుతున్నాయి. మామయ్యను అడిగేవాళ్ళు తగ్గిపోయారు. ఆయన పైకి అనడు గానీ, ఫోన్ మోగితే ముందు ఆయనే ఉలిక్కిపడి చూస్తాడు. తీరా చూస్తే అది మాలో ఎవరికో వచ్చిందై ఉంటుంది.

తమ్ముడు తనకు కాబోయే భార్యకు వజ్రపుటుంగరం చేయించాలని ఒకరోజు భోజనాల దగ్గర నోరు జారాడు. అంతే, మామయ్య ఎంగిలి చెయ్యి గాల్లోనే ఆపేశాడు.

"వజ్రం కావాలా? ముందే చెప్పొద్దట్రా! మావాడితో నాది నలభై ఏళ్ళ స్నేహం."

పది రోజులు తిరక్కుండా రాయి తెచ్చేశాడు. చొక్కా జేబులోంచి మడతలు పెట్టిన తెల్లకాగితం తీసి, బల్ల మీద మెల్లగా విప్పాడు.

"రసీదేది?" అన్నాడు తమ్ముడు.

"వాడి మాటే రసీదు. నచ్చితే డబ్బివ్వండి, నచ్చకపోతే రాయివ్వండి అన్నాడు. సంతకం కూడా పెట్టించుకోలేదు. నీ ఫోన్లోవాడు ఇస్తాడా అలా? ధరంటావా, వాడికంటే ఐదో వంతు తక్కువ!"

తమ్ముడు నా వంక చూశాడు. నేను గోడ వంక చూశాను. ఎందుకంటే వాడు నెల కిందటే ఆన్‌లైన్లో ఒక రాయి తెప్పించి నా బీరువాలో చీరల కింద దాచాడు. చెప్పులు పట్టేంత అట్టపెట్టె, అందులో ఇంకో పెట్టె, దానిలో ఇంకోటి, చిట్టచివర ఇంత రాయి. దానికి నాలుగు పేజీల సర్టిఫికెట్ మాత్రం ఉంది.

మామయ్య స్నానానికి వెళ్ళగానే వాడు నా మీద పడ్డాడు. "అక్కా, ఆయన్ని బాధపెట్టడం నాకిష్టం లేదు. కానీ కాగితం ముక్క లేని రాయి ఎలా నమ్మను? నీ దుకాణంలో మైక్రోస్కోపుందిగా, ఒకసారి చూడు. మంచిదైతే ఆయనదే ఉంచుకుని నాది వెనక్కి పంపేస్తా. ముప్పై రోజుల గడువు రేపు సాయంత్రంతో సరి."

నేను రోజూ చూసేది గాజు. వజ్రాల గురించి నాకు తెలిసింది సున్నా. అయినా కాదనలేదు. మామయ్య మొహం చూసి ఒప్పుకున్నానని చెబితే గొప్పగా ఉంటుంది గానీ, అసలు సంగతి నాకు చూడాలని చెయ్యి దురద.

మర్నాడు దుకాణం తెరవకముందే వెళ్ళి రెండు రాళ్ళనూ చూశాను. తమ్ముడి రాయి అంచు మీద కంటికి ఆననంత సన్నగా ఒక నంబరు చెక్కి ఉంది. సర్టిఫికెట్లో ఉన్న నంబరే అది. తర్వాత మామయ్య రాయి పట్టుకున్నాను. అంచు మీద ఏదో గీత కనిపించింది. పగులేమో అనుకున్నాను. పట్టకారుతో కొంచెం తిప్పితే గీత కాస్తా అంకెలైంది. దీనికీ నంబరుంది!

ఆ నంబరు తమ్ముడు కొన్న సైటులోనే కొట్టి చూశాను. రాయి బొమ్మ వచ్చింది. 'అమ్ముడుపోయింది' అని, ఎనిమిది రోజుల కిందటి తేదీ. కింద ధర.

మామయ్య స్నేహితుడు కూడా అక్కడే కొన్నాడన్నమాట. మాకు ఎక్కువకి అంటగడుతుంటే ఇంత బాధ లేదు, లోకంలో అందరూ చేసే వ్యాపారమే కదా, నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. కానీ ఆయన వందకి కొన్నదాన్ని మాకు ఎనభైకి ఇస్తున్నాడు.

తమ్ముడికి ఫోన్ చేశాను. "దొంగసొత్తక్కా! వెంటనే ఇచ్చేద్దాం" అన్నాడు.

"దొంగసొత్తయితే సైటులో డబ్బుకట్టి కొంటాడట్రా, బుద్ధిలేనివాడా?"

"మరెందుకిస్తున్నాడు?"

"అదే నాకూ తెలియాలి" అని, మధ్యాహ్నం సెలవు పెట్టేశాను.

మడతకాగితం మీద పాత రబ్బరు ముద్రలో చిరునామా ఉంది. కుట్టుపని కొట్టు పైన, ఇరుకు మెట్లు. తలుపు మీద బోర్డుండాల్సిన చోట నాలుగు మేకు రంధ్రాలు మాత్రమే ఉన్నాయి. వజ్రాలాయనే తలుపు తీసి, నన్ను ఎగాదిగా చూసి, గొంతు విన్నాకే గుర్తుపట్టాడు. లోపల బల్ల ఉంది, దాని మీద రాళ్ళు తూచే త్రాసుకు ఉండే అద్దాలపెట్టె ఉంది. పెట్టెలో త్రాసు లేదు. మాత్రల అట్టలు, కంటిచుక్కల సీసా ఉన్నాయి.

"బాబాయ్, ఈ రాయి ఎక్కడ కొన్నారో నాకు తెలుసు. ఎంతకో కూడా తెలుసు. నష్టానికి ఎందుకిస్తున్నారు?"

"పాత సరుకమ్మా, పోనీలెమ్మని..."

"ఎనిమిది రోజుల సరుకు పాతదెలా అవుతుంది? తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నట్టుంది మీ మాట."

ఆయన నవ్వేశాడు. నవ్వు ఆగాక, "కొట్టు కట్టేసి నాలుగేళ్ళయింది తల్లీ" అన్నాడు. "కళ్ళు ఆనకపోయాక ఈ పని ఏం చేస్తాం? మొన్న మీ మామయ్య ఆ మెట్లన్నీ ఎక్కి, ఆయాసపడుతూ కూచుని, 'ఒరేయ్, మా పిల్లాడు నన్ను అడిగాడురా' అన్నాడు. వజ్రం సంగతి తర్వాత చెప్పాడు. ముందు ఆ మాట చెప్పాడు. నా దగ్గర రాళ్ళు లేవని ఏ నోటితో అనను? మా కోడలిచేత ఫోన్లో తెప్పించాను."

"సరే, కొన్న ధరకే ఇవ్వచ్చుగా?"

"మీరు పిల్లలు, ఫోన్లో చూడకుండా ఉంటారా? ఫోన్లోవాడి ధరే మీ మామయ్యా చెబితే, ఇక మామయ్య ఎందుకు మీకు?"

నిజానికి తమ్ముడు మామయ్యను అడగనే లేదు. ఆ మాట ఆయనతో అనలేకపోయాను. నా అనుమానానికి నాకే సిగ్గేసింది.

"మీ మామయ్యకి చెప్పకు" అన్నాడాయన. చెప్పనని చేతిలో చెయ్యేసి వచ్చాను. ఆ రాయే ఉంచుకోవాలని, తేడా సొమ్ము ఎలాగో ఒకలా ఆయనకు చేర్చాలని దారంతా ఆలోచించుకున్నాను.

ఇంటికొచ్చేసరికి మామయ్య ఫోన్లో ఉన్నాడు.

"నువ్వు నిశ్చింతగా ఉండు! మావాడు ఫోన్లో ధరకంటే ఐదో వంతు తక్కువకి ఇస్తాడు. మీ అమ్మాయికి రెండు, మీ వియ్యపురాలికి ఒకటి, మొత్తం మూడు కదా? ఇంకెవరికైనా కావాలన్నా పంపించు."

ఆయన గొంతులో అంత హుషారు విని ఎన్నేళ్ళయిందో. అక్కడ ఆ ముసలాయన ఈ మూడు రాళ్ళకూ అప్పు చేసైనా తెప్పిస్తాడు, కాదనడు. ఇచ్చిన మాట తప్పకుండా ఉండే దారి నాకు కనిపించలేదు.

"మామయ్యా, ఫోన్ పెట్టెయ్" అన్నాను. కూచోబెట్టి, తమ్ముడి ఎదురుగానే అంతా చెప్పాను, వాడి రాయి సంగతితో సహా.

నేను బల్ల మీద పెట్టిన మడతకాగితాన్ని ఆయన విప్పకుండా అటూ ఇటూ తిప్పాడు. నన్ను తిడితే బాగుండుననిపించింది.

"త్రాసు పెట్టెలో మాత్రలున్నాయా?"

"ఉన్నాయి."

"నెలకోసారైనా వెళ్తూనే ఉన్నానమ్మా. ఆ బల్ల ముందే కూచుంటాను. చూడలేదు. ఎప్పుడెళ్ళినా ఫలానావాడికి ఫలానాది కావాలని చెప్పడంతోనే సరిపోయింది."

మళ్ళీ ఫోన్ తీసి ఆ మనిషికే చేశాడు. "ఇందాకటి మాట వెనక్కి తీసుకుంటున్నాను. మావాడు కొట్టు మూసేశాడు. నాకే తెలియలేదు" అన్నాడు. అవతల ఏమన్నారో గానీ, అన్నీ నిలబడి విన్నాడు. తర్వాత తమ్ముడి వైపు తిరిగి, "నీ రాయి నువ్వుంచుకో. దీన్ని తిప్పి పంపడానికి వాడికి ఇంకా గడువుందా?" అన్నాడు.

"ఇరవై రెండు రోజులుంది మామయ్యా" అన్నాడు తమ్ముడు, తల దించుకుని.

మామయ్య మడతకాగితం జేబులో పెట్టుకుని చెప్పులేసుకున్నాడు.

"నన్నూ రమ్మంటావా? ఆయనకేం చెబుతావ్?" అన్నాను.

"చెప్పడానికేం లేదే. ఎలా ఉన్నావురా అని అడుగుతాను" అని, రెయిలింగు పట్టుకుని మెట్లు దిగాడు.