మూడు కొలతల్లో చిన్నది

గుమ్మానికి తలుపు చెయ్యాలంటే మేస్త్రి మూడు చోట్ల కొలుస్తాడు: పైన, నడుమ, కింద. మూడు అంకెలూ చెక్క మీద పెన్సిలుతో రాసుకుని, చిన్నదానికి సున్నా చుడతాడు. గోడ కట్టినవాడు ఎంత మొనగాడైనా ఆ మూడూ ఒకటి కావు. పెద్దదాన్ని నమ్ముకుంటే తలుపు ఇరుక్కుంటుంది, చిన్నదాన్ని పట్టుకుంటే హాయిగా పడుతుంది. ముప్పై రెండేళ్లలో ఆయన చేసిన తలుపు ఒక్కటి కూడా వెనక్కి రాలేదు. తెలిసినవాళ్లందరూ ఆయన్ని అంగుళం మేస్త్రి అంటారు, కాకపోతే ఆయన లేనప్పుడు.

అలాంటి మనిషికి ఊపిరి కొలుచుకోవాల్సిన రోజు వచ్చింది. ఉబ్బసం కొత్తదేం కాదు, ఏళ్ల తరబడి ఉన్నదే. ఈ ఏడు మాత్రం నాలుగు మెట్లెక్కితే ఆయాసం, చిత్రిక పట్టడం మొదలెడితే దగ్గు. ఆసుపత్రిలో డాక్టరమ్మ రెండు పూటలా పీల్చే మందు రాసి, చేతికో గొట్టం ఇచ్చింది. అందులోకి గట్టిగా ఊదితే ముల్లు అంకెల మీద ముందుకు జరుగుతుంది. నర్సమ్మ ఆయన ఫోన్లో ఒక యాప్ పెట్టి, "రోజూ పొద్దున మూడుసార్లు ఊది అంకె ఎక్కించండి. మాకిక్కడ కనబడుతుంది" అంది. మూడు వందల అరవై దాటితే పచ్చ రంగు, తగ్గితే పసుపు, మరీ తగ్గితే ఎరుపు.

రోజూ పసుపే. రెండు వారాలు చూసి డాక్టరమ్మ ఫోన్ చేసింది. మందు వాడుతున్నా ఇలా ఉందంటే చెక్కపొట్టు ధూళి పడటం లేదని, ఇంకో రెండు వారాలు చూద్దామని, అప్పటికీ ఇంతే అయితే పని చేసుకునే షెడ్డు మూసెయ్యక తప్పదని ఖరాఖండిగా చెప్పింది.

నిజానికి మేస్త్రికి ఒంట్లో తేలిగ్గానే ఉంది. దగ్గు తగ్గింది, మెట్లు సులువుగా ఎక్కుతున్నాడు. ఆ మాట డాక్టరమ్మతో అననే లేదు. టేపు ఒకటి చెప్పి కన్ను ఇంకోటి చెబితే టేపు మాటే వినాలన్నది ఆయన సిద్ధాంతం. ఈ మొండితనం మీద ఆయన భార్య ఒక పుస్తకమే రాయగలదు.

"ఏమండీ, ఓ ఎనభై కలిపి రాస్తే ఆ ఫోనుకేం తెలుస్తుంది?" అందావిడ ఒకరోజు.

"ఫోనుకి తెలీదే. తప్పు కొలతతో చేసిన తలుపు మాత్రం ఊరుకుంటుందా?"

ఇక ఆ మాట ఎత్తలేదావిడ. నాలుగో వారం మొదట్లో మేస్త్రి బావమరిదికి కబురు పెట్టాడు. అతనిదీ వడ్రంగమే. ఆదివారం బండి తెచ్చి సామాన్లు తీసుకుపొమ్మన్నాడు. ఉలులన్నీ ఒక్కొక్కటే సానబెట్టాడు. తండ్రి చేతి చిత్రికని నూనె గుడ్డలో చుట్టి మూటగట్టాడు. అది చూసి భార్య వంటింట్లోకి వెళ్లి, కుళాయి తిప్పి ఆ చప్పుడులో ఏడ్చింది.

శుక్రవారం పొద్దున నర్సమ్మ వీడియోలోకి వచ్చింది. మేస్త్రి ఫోన్‌ని జిగురు డబ్బాకి ఆనించి, ఉరిశిక్ష వినబోయేవాడిలా కూర్చున్నాడు. భార్య గుమ్మంలో నిలబడింది.

"మేస్త్రిగారూ, మీ వెనకాల ఆ చెక్క మీద ఏంటా అంకెలు?"

"అవా? నా ఊపిరమ్మా. మీ యాప్‌లో ఒక్క గడే ఉంది. మూడు కొలిచి ఒకటే రాస్తే నా చెయ్యి ఊరుకోదు."

"కాస్త దగ్గరగా పట్టుకోండి."

పట్టుకున్నాడు. అన్నిటికన్నా కింది వరుసలో ఆ పొద్దుటి అంకెలు: నాలుగు వందల పది, మూడు వందల తొంభై, మూడు వందల ముప్పై. చివరిదాని చుట్టూ సున్నా.

"ఆ సున్నా ఎందుకు?"

"అదే కదమ్మా ఎక్కించింది."

"మూడింట్లో చిన్నదా?"

"చిన్నదే కదా తీసుకోవాలి? పెద్దది తీసుకుంటే తలుపు పడుతుందా?"

నర్సమ్మ నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. "అయ్యో మేస్త్రిగారూ! ఇది తలుపు కాదండీ, ఊపిరి! ఒకసారి దగ్గొస్తుంది, ఒకసారి పెదాల పక్కనుంచి గాలి పోతుంది. ఊదడం కుదరక అంకె తగ్గుతుంది. మూడింట్లో పెద్దదే మీ అంకె. యాప్ మొదటి పేజీలోనే ఉంది."

"ఆ పేజీ ఎక్కడో వేలు తగిలి పోయిందమ్మా."

"నేనైనా చెప్పాల్సింది. తప్పు నాదే. ఉండండి, ఉండండి."

డాక్టరమ్మ ఫోన్లోకి వచ్చింది. ముందు తన కళ్లెదుట ఊదమంది. ముల్లు నాలుగు వందల ఇరవై దగ్గర ఆగింది. తర్వాత చెక్క మీది వరుసలన్నీ చదివించుకుంది. నాలుగు వారాల్లో రెండంటే రెండు రోజులే పసుపు.

"ఇవాళ మందు పెంచుదామనుకున్నాను" అంది డాక్టరమ్మ. "అక్కర్లేదు, షెడ్డూ మూయక్కర్లేదు. మాస్కు మాత్రం తియ్యొద్దు, ఊడ్చేముందు నీళ్లు చల్లండి, పీల్చే మందు మానొద్దు. పెద్ద అంకె పసుపులోకి దిగిందా, ఆ రోజే నాకు ఫోన్ చెయ్యండి. ఆ చెక్క మాత్రం పారెయ్యకండి."

ఫోన్ ఆగిపోయినా మేస్త్రి కదల్లేదు. గుండెల మీంచి బండరాయి దించినట్టుంది. కళ్లనీళ్లు గడ్డం దాకా వచ్చినా తుడుచుకోవాలని తోచలేదు.

"నాలుగు వారాలు నా ప్రాణం తోడేశారు కదండీ, మీరూ మీ కొలతలూ!" భార్య ఏడుస్తూనే నవ్వింది.

"అయితే నువ్వన్నట్టు ఎనభై కలిపి రాసేసి ఉంటే..."

"రాసేసి ఉంటే సరిగ్గా సరిపోయేది!"

మేస్త్రి లేచి మాస్కు కట్టుకున్నాడు, మూట విప్పాడు.

భార్య వాకిట్లోకి వెళ్లి తమ్ముడికి ఫోన్ చేసింది. "ఒరేయ్, ఆదివారం తప్పకుండా రా. భోజనానికి రా. బండి మాత్రం తేకు."

"ఏమైందక్కా?" అంటున్నాడు అవతల.

"విను" అంటూ ఆవిడ ఫోన్‌ని షెడ్డు వైపు తిప్పి పట్టుకుంది. లోపల చిత్రిక చెక్క మీద బారుగా, ఆగకుండా సాగుతోంది.