మరిచిపోవలసిన డబ్బా

అయినా అత్తగారు పంపిన నువ్వులనూనె చిక్కన, తుప్పులోకి దిగదు, తలుపు నట్టు నెత్తిన నిగనిగలాడుతూ కూర్చుంటుంది. ఆ మాట ఆవిడతో అంటే దేవుడి దీపానికి పనికొచ్చిన నూనె నట్టుకు పనికిరాలేదా అని నిష్ఠూరం, అనకపోతే ఇంకో గిన్నెడు వస్తుంది. అనకపోవడమే మేలనుకున్నాడు జగన్మోహనరావు. ఏదైనా అనకుండా ఉండటం అతనికి బాగా చేతనైన పని.

అతను బియ్యం బస్తా మీద కూర్చుని ఉన్నాడు. చుట్టూ సూట్‌కేసులు, పాత ఫ్యాను, ఆవకాయ జాడీలు. దేశం కాని దేశంలో, పుంగ్గోల్ అనే పేటలోని ఆ ఫ్లాట్‌లో యుద్ధమొస్తే దాక్కోవడానికని ఒక గది కట్టారు. మందపాటి గోడలు, ఇనుప తలుపు, తలుపు పైన గాలికోసం ఒక గుండ్రటి కన్నం. యుద్ధం రాలేదు గనక అది సామాన్ల గది అయింది. పొద్దున జాడీ కోసం లోపలికి వచ్చాడు. హాల్లో అత్తగారు చూస్తున్న సీరియల్లో ఎవరో వెక్కి వెక్కి ఏడుస్తున్నారు. ఒక్క నిమిషం ఆ ఏడుపు వినపడకుండా ఉంటే బాగుండుననిపించి తలుపు లాగాడు. గడియ పడింది. ఆ తరువాత పిడి ఎటు తిప్పినా ఊరికే తిరిగింది. బయటి పిడీ అంతే. పిడికి లోపలివైపు ఒక నట్టు, దాని చుట్టూ ఏళ్ళ తుప్పు. అది ఊడితే గడియ జారుతుంది, అతను బయటపడతాడు.

బయటపడాలనే తొందర మాత్రం అతనికి లేదు. సైన్స్ పార్క్ ఆఫీసులో మనుషులు, రైల్లో మనుషులు, ఇంట్లో మనుషులు. తన ఆలోచన ఒకటి మొదటినుంచి చివరిదాకా తనకు వినిపించి ఎన్నాళ్ళయిందో! ఇక్కడ వినిపిస్తోంది. అంత గొప్ప ఆలోచనేం కాదు గాని, తనదే.

"ఏవండీ, ఊడిందా?" కన్నంలోంచి భార్య గొంతు. కాత్యాయని అవతల స్టూలెక్కి నిలబడింది.

"నానుతోంది."

"నానడానికి అదేమన్నా శనగపప్పా? ఎవర్నైనా పిలుస్తాను."

"కాల్ ద ఫైర్ ఇంజిన్ లా, అమ్మా!" అంది కూతురు కీర్తిక, బళ్ళో పట్టుబడిన అక్కడి ఇంగ్లీషు యాసలో.

"ఫైరింజనొస్తే బ్లాకంతా వరండాల్లోకొచ్చి చూస్తుందే! అల్లుడుగారు ఎలకలబోనులో పడ్డారంటే ఎంత అప్రతిష్ఠ!" అంది అత్తగారు భానుమతి.

కాత్యాయని ఫోన్లో చూసి, గోళ్ళరంగు చెరిపే ద్రవంలో కుట్టుమిషను నూనె కలిపి, సీసా కన్నంలోంచి అందించింది. "బాగా కుదిపి పొయ్యండి. వాసనకి కళ్ళు తిరుగుతాయి, మొహం కన్నం దగ్గరే పెట్టుకోండి."

అతను కుదిపాడు. చెయ్యి ఆడినంతసేపూ రెండూ ఒకటే. ఆపగానే నూనె కిందికి, ద్రవం పైకి. మళ్ళీ కుదిపాడు. మళ్ళీ విడిపోయాయి. సెల్‌ఫోను వెలుతుర్లో దాన్నే చూస్తూ కూర్చుని, నట్టు మీద పొయ్యడం మరిచిపోయాడు.

"ఇలా లాభం లేదు. తుప్పు వదలగొట్టే నూనె స్ప్రే డబ్బాల్లో అమ్ముతారు. కిందికెళ్ళి తెస్తా," అంది కాత్యాయని.

"శనివారంనాడా?" భానుమతి గొంతు లేచింది. "నూనె శనిది, ఇనుము శనిది, వారం కూడా ఆయనదే. మూడూ కలిపి డబ్బు పోసి కొనుక్కొస్తావా?"

"అది నూనె కాదమ్మా, స్ప్రే."

"డబ్బా మీద ఏమని ఉంటుందీ?"

"ఆయిల్ అనే ఉంటుందనుకో. అయితే ఆయన రేపటిదాకా లోపలే ఉండాలా?"

"నేనలా అన్నానా? కొనకూడదు, అడిగి పుచ్చుకోకూడదు. ఎవరైనా వచ్చి మరిచిపోయి వెళ్తే మనకేం దోషం?"

ఎదురింటి నూకరాజు తువాస్‌లో ఓడలు బాగుచేసే యార్డులో సూపర్‌వైజరు. కాత్యాయని అతనికి ఫోను చేసింది. "నూకరాజుగారూ, మీరొకసారొచ్చి, తుప్పు నూనె డబ్బా ఒకటి మరిచిపోయి వెళ్ళాలండీ."

నూకరాజు వచ్చాడు, కాఫీ తాగాడు, డబ్బా బల్లమీద పెట్టి వెళ్ళాడు. తలుపు పడిందో లేదో బెల్లు మోగింది.

"డబ్బా మరిచిపోయానండీ," అని పట్టుకెళ్ళిపోయాడు.

మళ్ళీ ఫోను. "మరిచిపోవడానికే గదండీ పిలిచాను!"

"అదే మరిచిపోయానండీ."

రెండోసారి వచ్చి జాగ్రత్తగా పెట్టబోతే భానుమతి ఒప్పుకోలేదు. "గుర్తుపెట్టుకుని మరిచిపోతే అది మరుపెలా అవుతుంది నాయనా?"

కాత్యాయని ఒక్క క్షణం ఆలోచించి అతని కొడుకు లెక్కల మార్కుల సంగతెత్తింది. నూకరాజు ముఖం మారింది. ట్యూషన్ మాస్టర్ని తిట్టాడు, కొడుకుని తిట్టాడు, వాణ్ణి వెనకేసుకొచ్చే భార్యని తిట్టాడు. తిడుతూనే లేచి, డబ్బానే కాక చెప్పుల్ని కూడా మరిచిపోయి వెళ్ళిపోయాడు.

లోపల జగన్మోహనరావు నోరు మూసుకుని నవ్వాడు. కన్నంలోంచి డబ్బా వచ్చింది. చిమ్మాడు. కాసేపాగి, సామాన్లలో దొరికిన పానా పట్టించి బలంగా లాగాడు. నట్టు కిర్రుమని చిన్నగా అరిచి తిరిగింది. అతను గభాలున దాన్ని వెనక్కి తిప్పేశాడు.

"ఊడిందా?"

"నానుతోంది."

మధ్యాహ్నం భానుమతి పడుకుంది. కీర్తిక ట్యూషన్‌కు వెళ్ళింది. కన్నం అవతల స్టూలు కిర్రుమంది.

"ఒకటి చెప్పనా?" అంది కాత్యాయని. "మీ మొహం కనపడటం లేదు గనక చెబుతున్నా."

"చెప్పు."

"బుధవారాలు ఆఫీసులో ఆలస్యమవుతుందని చెబుతానే, అవదు. వచ్చే దారిలో నీళ్ళ పక్కన బెంచీ ఉందే, దాని మీద కూర్చుంటా. ఎవరితోనూ కాదు. చీకటి పడేదాకా ఊరికే కూర్చుంటా."

అతనికి కోపం రావాలేమోనని ఆగి చూసుకున్నాడు. రాలేదు. తనొక్కడికే ఉందనుకున్న జబ్బు పక్కమంచం మీద కూడా ఉందని విన్న రోగిలా తెల్లబోయాడు.

"ఏం ఆలోచిస్తావు అక్కడ?"

"ఏదో ఒకటి. మధ్యలో తెగదు, అంతే." ఆమె గొంతులో నవ్వు. "నట్టు ఎప్పుడో ఊడింది కదూ?"

అతను చేతిలోని పానాని చప్పుడు కాకుండా కింద పెట్టాడు.

"పర్లేదు, అమ్మకి చెప్పను. కావాలంటే రేపొద్దునదాకా నానుతోందనే అంటాను." గొంతు కన్నానికి ఇంకా దగ్గరగా వచ్చింది. చాలా నెమ్మదిగా, "లోపల ఇద్దరికి చోటుంటుందా?" అంది.

అతను చుట్టూ చూశాడు. 'లేదు' అంటే ఈ గది తనది; ఆమె బెంచీ ఆమెకుంది; ఇద్దరూ చెరో చోట ఆలోచన తెగకుండా హాయిగా ఉండొచ్చు. 'ఉంది' అంటే, ఇంకొకరు కాలు పెట్టగానే, ఇది మళ్ళీ ఇల్లైపోతుంది. ఏ ఒంటరితనమైనా ఇద్దరికి సరిపోతుందా? ఎవరూ కొలిచి చెప్పినట్టు లేదు.

బియ్యం బస్తా పక్కనున్న రెండో బస్తా మీంచి సూట్‌కేసు దించాడు. బస్తా మీది దుమ్ము తుడిచాడు. జేబులోంచి టిష్యూల ప్యాకెట్టు తీసి, తిండి దుకాణాల హాకర్ సెంటర్లో సీటు పట్టుకోవడానికి పెట్టినట్టు, దాని మీద పెట్టాడు. నట్టు వేళ్ళతోనే ఊడదీసి, ఒక మనిషి పక్కకు తిరిగి దూరేటంత మేర తలుపు నెట్టాడు.