మూయని డిస్క్

ఆ ఆదివారం నేను చేయాల్సిన పనులు ఇవి. రేషన్ కడలో చక్కెర తేవాలి. అమ్మ మోకాలికి తైలం తేవాలి. నాయన ఫోన్‌లో నిండిపోయిన ఫోటోలు తీసెయ్యాలి. ఎదురింటి బొమ్మయ్య మామ కూతురికి కాలేజీ అప్లికేషన్ నింపాలి. కుప్పమ్మాళ్ అవ్వ ఇంట్లో పాపవ్వ టీవీలో కనిపించేట్టు చేయాలి.

మధ్యాహ్నానికి కడపటిది తప్ప అన్నీ అయిపోయినాయి.

మాది చోళపురం. మా ఇంట్లో కాలేజీ మెట్టు ఎక్కింది నేనొక్కతే. రాజపాళయంలో ఒక నూలు మిల్లు ఆఫీసులో కంప్యూటర్ ముందర కూర్చునే పని. అందుకని మా వీధిలో బటన్ ఉండే వస్తువు ఏది చెడినా నా దగ్గరికే తెస్తారు. బాగైతే తీసుకొని పోతారు. కూర్చుని మాట్లాడేవాళ్ళు లేరు.

పాపవ్వ కుప్పమ్మాళ్ అవ్వ చెల్లెలు. కడగొట్టు బిడ్డ కాబట్టి పాప అని పిలిచినారు. తల నెరిసినా అదే పేరు. పెళ్ళి చేసుకోలేదు. చుట్టుపక్కల ఊర్లలో ఏ పెళ్ళయినా వంటకు పోయేది. అందరూ ఫోటోకు నిలబడేటప్పుడు ఆమె పొయ్యి దగ్గర ఉండేది. ఆమె పోయినాక మాల వేసేదానికి ఫోటో వెతికితే ఆధార్ కార్డు ఒకటే దొరికింది. దాన్ని చూసి అవ్వ, "ఇదెవురు, పోలీసోళ్ళు పట్టుకున్నదాని మాదిరి?" అని తిప్పి పెట్టేసింది.

అప్పుడే నన్ను అడిగింది. "రంజనీ, తళవాయిపురం లక్ష్మణన్ పెళ్ళిలో వీడియో తీసినారు కదా కన్నూ. దాంట్లో మా పాప మాట్లాడింది. తెప్పిస్తావా?"

స్టూడియో శంకరలింగం అన్న పాత క్యాసెట్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇచ్చినాడు. బంతిలో జనం తింటా ఉంటారు. పాపవ్వ సాంబారు బకెట్‌తో వస్తుంది. కెమెరాను చూసి, "నన్నెందుకురా తీస్తావు? పెళ్ళికూతురు ఆ పక్క ఉంది పో. సాంబారు పోసేదా?" అని నవ్వుతుంది. అంతే.

అవ్వకు ఫోన్ లేదు. టీవీ ఉంది, దాని కింద ఒక పాత డీవీడీ ప్లేయర్ ఉంది. దానికి పెన్‌డ్రైవ్ పెట్టే సందు లేదు. నా లాప్‌టాప్‌లో ఎప్పుడంటే అప్పుడు చూపిస్తానన్నాను. అవ్వ ఒప్పుకోలేదు. "పొద్దస్తమానం నిన్ను పిలిచేదా? నాకు తోచినప్పుడు నేనే నొక్కి చూసుకోవాలి."

సరి అని అవ్వ ఇంట్లోనే కూర్చుని ఆ వీడియోను ఒక డీవీడీ డిస్క్‌లోకి కొట్టినాను. అప్పటికి పాపవ్వ పోయి పదారు నాళ్ళు కాలేదు. మా వీధిలో సావైన ఇంట్లో పదారు ముగిసేదాకా వాకిలి మూసేది లేదు. పని ముగిసేటప్పుడు లాప్‌టాప్‌లో ఒక ప్రశ్న వచ్చింది. నేను దాన్ని మన మాటలో బయటికి చదివినాను. "డిస్క్ మూసేదా అని అడగతా ఉంది."

అవ్వ ఉలిక్కిపడి లేచింది. "అయ్యయ్యో, వద్దు! పదారు కూడా కాలేదు, ఎవురైనా మూస్తారా? ఇంకో పెళ్ళి వీడియోలో కూడా కనిపిస్తుంది మా పాప. దానికి చోటు ఉండనీ."

నేను వద్దు అని నొక్కినాను. లాప్‌టాప్‌లో బాగా ఆడింది. అవ్వ ప్లేయర్‌లో పెడితే 'నో డిస్క్' అని వచ్చింది.

తీసి చూస్తే డిస్క్ మీద పసుపు, కుంకుమ బొట్టు. "మా పాప ఉంది కదా దీంట్లో, పెట్టినాను" అనింది అవ్వ. బొట్టు పైపక్కే ఉంది, దానివల్ల కాదు. అయినా తుడిచినాను. ప్లేయర్ లోపల డిస్క్‌ను చదివే కన్ను తుడిచినాను. పాత సినిమా డిస్క్ పెడితే పాడింది, అంటే పెట్టె బాగానే ఉంది. వేరే కంపెనీ డిస్క్ కొని, వేగం తగ్గించి మళ్ళీ కొట్టినాను. అవ్వ మాట కదా అని అప్పుడూ మూయలేదు. మళ్ళీ నో డిస్క్.

శంకరలింగం అన్నకు ఫోన్ చేసినాను. "ఇంకా డీవీడీనా? మ్యూజియంకు ఫోన్ చెయ్ తంగచ్చీ, నాకెందుకు చేస్తావు?" అన్నాడు.

"అన్నా, ఎగతాళి తర్వాత. ఏం చేసేది చెప్పండి."

"ఆ పెట్టెను పాత ఇనుము వాడికి వెయ్. ఉల్లిపాయలన్నా ఇస్తాడు."

పదారు ముగిసినాక వచ్చిన ఆ ఆదివారం అవ్వ ఇంట్లో నేలమీద కూర్చుని లాప్‌టాప్‌లో డిస్క్ వివరాలు తెరిచి చూసినాను. ఇంకా తెరిచే ఉంది అని రాసి ఉండింది. అప్పుడు అర్థమయింది. తెరిచిన డిస్క్‌లోకి కంప్యూటర్ పోయి చూస్తుంది. ఈ ప్లేయర్‌కు అది చేతకాదు. ఇక్కడితో సరి అని ముగింపు రాసి ఉంటేనే అది చదువుతుంది. లేకుంటే దానికి డిస్కే లేనట్టు.

"అవ్వా, దీన్ని మూయాలి."

"మూస్తే?"

"మళ్ళీ దీంట్లో ఏదీ చేర్చేదానికి కాదు. ఇంకోటి దొరికితే వేరే డిస్క్‌లో వేసి ఇస్తాను."

"దొరుకుతుందా?"

పెళ్ళి వీడియో ఉన్న ఇళ్ళన్నీ అప్పటికే తిరిగినాను. అవ్వ అడగలేదు కాబట్టి ఆ మాట చెప్పలేదు. ఇప్పుడు అడిగింది.

"అందరినీ అడిగినాను అవ్వా. సేత్తూరు పెళ్ళిలో చెయ్యి ఒకటే పడింది. మొహం లేదు."

"ఏ చెయ్యి?"

"గరిటె పట్టుకున్న చెయ్యి."

"మణికట్టు మీద కాలిన మచ్చ ఉందా?"

"ఉంది."

అవ్వ తన మణికట్టు తడిమి చూపించింది. "అది దీపావళికి నూనె చిందింది. అప్పుడు కూడా ఏడవలేదు, పిండి పాడైపోయిందని తిట్టింది" అనింది. తర్వాత, "చెయ్యిని కూడా చేర్చు కన్నూ. చేర్చి మూయి" అనింది.

ఆ ముక్క నా పెన్‌డ్రైవ్‌లోనే ఉండింది. చేర్చినాను. మూసేదా అని ప్రశ్న వచ్చింది. అవ్వ నా చెయ్యి పక్కకు తోసి, ఏది నొక్కాలో అడిగి, తానే నొక్కింది.

ప్లేయర్‌లో డిస్క్ కొంచెంసేపు తిరిగింది. బంతి వచ్చింది. పాపవ్వ బకెట్‌తో వచ్చింది. "సాంబారు పోసేదా?"

"పోయవే" అనింది అవ్వ. "ఇంతసేపా వచ్చేదానికి?"

నేను లేచినాను. పోయొస్తానని చెప్పినా అవ్వకు వినిపించలేదు. మా ఇంటి వాకిట్లో చెప్పులు విడిచేటప్పుడు కూడా పాపవ్వ నవ్వు వినిపిస్తా ఉండింది. నిలిచిపోయేది, మళ్ళీ మొదలయ్యేది. అమ్మా నాయనా తోటనుంచి ఇంకా రాలేదు. నేను వాకిట్లోనే కూర్చున్నాను.

ఇది చదివేవాళ్ళను ఒకటి అడుగుతాను. మీరు ఆమెను చూడలేదు, ఆమె చేతి వంట తినలేదు. అయినా చోళపురంలో పాప అని ఒక ఆమె ఉండిందని మనసులో పెట్టుకోండి. అవ్వ అని చేర్చకుండా ఉత్త పాప అని ఆమెను పిలిచేది ఇప్పుడు కుప్పమ్మాళ్ అవ్వ ఒక్కతే.