తగ్గిందా?

బట్టలు మెషీన్లో వేసేముందు జేబులు తడిమి చూడడం ఆమెకు పెళ్ళైన కొత్తలోనే అలవాటైంది. అప్పట్లో ఒకసారి పెన్ను సిరా కారి తెల్లచొక్కా పాడైతే, "వేసేముందు జేబు చూసుకోనక్కర్లేదా?" అన్నాడు భర్త. ఎవరి జేబు ఎవరు చూసుకోవాలని ఆ రోజు అడగడం తోచలేదు. పదకొండేళ్ళుగా ఆమే చూస్తోంది. బస్సు టిక్కెట్లు, నలిగిన బిల్లులు, ఒకసారి సగం కొరికిన చాక్లెట్ దొరికాయి. ఈ రోజు పొద్దున బూడిదరంగు చొక్కా జేబులో మాత్రల షీటు దొరికింది. పది గుంటల్లో తొమ్మిది ఖాళీ. పదోదాంట్లో తెల్లటి కోలమాత్ర ఒకటి మిగిలి ఉంది.

షీటు తిప్పి పేరు చదవక్కర్లేదు. మందుల షాపులో ఏడేళ్ళుగా పనిచేస్తున్న మనిషికి అంచు రంగు చాలు. అది కాల్షియం, అత్తగారి డబ్బాలో ఉండాల్సిన మాత్ర. అది ఈయన జేబులోకెలా వచ్చిందా అనుకుంటూ షీటుని మెషీన్ మీద పెట్టి ప్యాంటు అందుకుంది. ఒక జేబు చూసి రెండోదాంట్లో చెయ్యి పెట్టబోతూ ఆగిపోయింది.

తొమ్మిది. తొమ్మిది రోజులుగా పొద్దున్నే ఆమెకు నొప్పి మాత్ర తెచ్చి ఇస్తున్నది అతనే.

కుడివైపు డొక్క కింద మొదలై వీపులోకి పాకే నొప్పి నాలుగు నెలలుగా ఉంది. తిన్న గంటకో రెండు గంటలకో వస్తుంది. వచ్చినప్పుడు స్టవ్ గట్టు పట్టుకుని, ఊపిరి బిగబట్టి, ఎదురుగా ఉన్న డబ్బాలు లెక్కపెడుతుంది. మరీ పట్టలేనప్పుడు షాపునుంచి తెచ్చుకున్న నొప్పి మాత్ర వేసుకుంటుంది. మొదట్లో అతను గ్యాస్ అన్నాడు. తర్వాత టెన్షన్ అన్నాడు. ఆ తర్వాత, "షాపులో రోగాల పేర్లు వినీ వినీ అన్నీ నీకే ఉన్నాయనుకుంటున్నావు డాక్టరమ్మా," అన్నాడు. ఆమె ఉద్యోగానికి అతను పెట్టిన పేరు అది. చుట్టాలొచ్చినప్పుడు ముద్దుగా అంటాడు, కోపమొచ్చినప్పుడు సాగదీసి అంటాడు. డాక్టరు స్కాన్ రాసి రెండు నెలలైంది. ఆ కాగితం హ్యాండ్‌బ్యాగులో మడతల దగ్గర చిరుగుతోంది. వెళ్దామన్న ప్రతిసారీ అతను ఒకటే అడిగేవాడు: "తీరా తీయించుకున్నాక ఏమీ లేదని వస్తే?" ఆ మాటకి ఆమె ఝడుసుకునేది. ఏమీ లేదని వస్తే తనే దొంగనొప్పుల మనిషి అయిపోతుంది. రోగం ఉందేమోనన్న భయం కన్నా లేదేమోనన్న భయమే ఆమెను ఎక్కువగా ఆపింది.

అలాంటిది ఒక పొద్దున అతను ఒక చేతిలో మంచినీళ్ళ గ్లాసు, ఇంకో అరచేతిలో మాత్ర పెట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. "నీ నొప్పి మాత్ర. వేసుకో," అన్నాడు. ఆమెకి మొదట అర్థం కాలేదు. ఆ ఇంట్లో గ్లాసు ఎప్పుడూ ఆమె చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి వెళ్ళేదే కానీ, ఇటు వచ్చిన గ్లాసు అదే మొదటిది. సాయంత్రం అతను చెప్పులు విప్పుతూనే, "తగ్గిందా?" అన్నాడు. తగ్గింది. మర్నాడూ అడిగాడు. ఆ మర్నాడూ. నొప్పి పూర్తిగా పోలేదు కానీ, పక్కగదిలో మాట్లాడుకుంటున్న మనుషుల గొంతులా దూరమైంది. నాలుగో రోజున కూరలు తరుగుతూ కూనిరాగం తీసి, తన గొంతుకి తనే ఉలిక్కిపడింది. మనిషికి ఇంత చాలా అనుకుంది. చాలు అనే అనుకుంది.

షాపుకి ఎవరైనా విడిమాత్ర పట్టుకొచ్చి "ఇదేం మందమ్మా?" అంటే, వెలుతురులోకి తిప్పి, మీద గీత ఉందా, అక్షరాలేమైనా ఉన్నాయా చూశాక గానీ ఆమె నోరు విప్పదు. అలాంటి ఆమే తొమ్మిది రోజులపాటు తన చేతిలో పెట్టిన మాత్రని ఒక్కసారీ చూసుకోలేదు. ప్రతి పొద్దునా ఆమె చూసింది ఇచ్చిన చేతిని.

ఈ విద్య అతనికి నేర్పింది కూడా తనే. అదే ఎక్కువ మండుతోంది. కిందటేడు అత్తగారికి గుండెదడ మొదలైంది. పరీక్షలన్నీ చేయించారు. గుండె లక్షణంగా ఉంది. ఆవిడ మాత్రం మాత్ర కావాలని పట్టుబట్టింది. "ఎలాగూ ఎముకలకి కాల్షియం కావాలి. అదే ఇచ్చి, కాసేపు పక్కన కూర్చోండి," అన్నాడు డాక్టరు. ఆనాటినుంచి పొద్దున ఎనిమిదింటికి ఆమె షీటులోంచి తీసి మాత్ర ఇవ్వడం, పది నిమిషాలు మంచం పట్టె మీద కూర్చుని అరికాళ్ళు రుద్దడం, అత్తగారి దడ తగ్గడం. ఆ సంగతి భర్తకి చెప్పినప్పుడు ఇద్దరూ నవ్వుకున్నారు. అతను మరీ కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వాడు. మొన్న ఆదివారం ఫోన్లో ఆడపడుచు, "ఏం వదినా, మా అన్నయ్య వైద్యం బాగా పనిచేస్తోందటగా!" అని కిసుక్కున నవ్వింది. మురిసిపోయి, "అవునమ్మా, మీ అన్నయ్య చెయ్యి మంచిది," అంది తను. ఇప్పుడు గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి.

అప్పుడు వచ్చింది నొప్పి. తొమ్మిది రోజులుగా పక్కగదిలో ఉన్నది తలుపు తోసుకుని వచ్చినట్టు వచ్చింది. మెషీన్ అంచు పట్టుకుని వంగిపోయింది.

"చొక్కా ఇస్త్రీ అయిందా?" అంటూ తువ్వాలుతో తల తుడుచుకుంటూ వచ్చాడతను. ఆమెనీ, మెషీన్ మీది షీటునీ చూశాడు. ఒక్క క్షణం మొహం పాలిపోయింది, ఒక్క క్షణమే. తర్వాత నవ్వు తెచ్చుకున్నాడు.

"దొరికిపోయానా?"

"ఎందుకు చేశారు?" అంది.

"ఎందుకేమిటి? అస్తమానం ఆ నొప్పి మాత్రలు మింగితే కిడ్నీలు పోతాయని నువ్వేగా ఊరందరికీ చెప్తావు. నీ మంచికే చేశాను. తగ్గిందా లేదా, అది చెప్పు."

ఆమె మెల్లగా నడుం ఎత్తి నిలబడింది.

"తగ్గింది. నీ నోటితో నువ్వే చెప్పావు. పాట కూడా పాడావు. అంటే ఏమిటి? అంతా ఇక్కడుంది," అని కణత మీద వేలితో కొట్టుకున్నాడు. "ఇప్పుడు ఆ షీటు చూశావు, వెంటనే వచ్చేసింది. రాత్రి నుంచీ లేని నొప్పి ఇంతలో ఎక్కణ్ణుంచి ఊడిపడింది? ఇంతకన్నా రుజువేం కావాలి డాక్టరమ్మా?"

ఆ మాట సూటిగా వచ్చి తగిలింది, ఎందుకంటే లోపల తనూ అదే అనుకుంటోంది. కాల్షియంతో తగ్గే నొప్పి నొప్పేనా? షీటు చూస్తే వచ్చే నొప్పి నొప్పేనా? అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని, బొత్తాలు పెట్టుకుంటూ, "సాయంత్రం మాట్లాడుకుందాం. మొహం కడుక్కో, బాగుండవు ఏడిస్తే," అని వెళ్ళిపోయాడు. ఆమె ఏడవట్లేదు. అతను చూడలేదంతే.

ఎనిమిదైంది. అలవాటుగా అత్తగారి గదిలోకి వెళ్ళి డబ్బా తెరిచింది. మాత్ర తియ్యడానికి వేలు ఆడలేదు. తన చెయ్యీ అతని చేతిలాగే కనిపించింది.

"అత్తయ్యా, మీకొకటి చెప్పాలి. ఇది గుండె మాత్ర కాదు."

"కాల్షియం," అంది ఆవిడ, దిండు సర్దుకుంటూ. "డబ్బా మీద బొమ్మ ఉంది కదే, ఎముక బొమ్మ. చదువు రాకపోతే బొమ్మ కూడా కనబడదా?"

"మరి ఏడాదిగా..."

"మాత్ర వద్దంటే నువ్వు కూర్చోవుగా. నీకా తీరిక లేదు. ఆ పది నిమిషాలకీ నా దడ తగ్గుతుంది. మాత్రదేముంది!"

ఆమెకి నవ్వొచ్చింది, కళ్ళల్లో నీళ్ళూ వచ్చాయి. అరికాళ్ళ దగ్గర కూర్చోబోయింది. ఆవిడ కాళ్ళు ముడుచుకుంది.

"వాడు నా డబ్బాలోంచి షీటు పట్టుకెళ్ళడం చూశాను అమ్మాయ్. నీకే ఇస్తున్నాడనీ తెలుసు. చెప్పలేదు."

"ఎందుకు?"

"మగపిల్లాడు నీళ్ళు ముంచి పెళ్ళానికి ఇస్తున్నాడు, అదేదో చెడగొట్టడమెందుకనుకున్నా. మీ మావగారు నాకు గ్లాసెడు నీళ్ళు అందించింది లేదు." కిటికీ వైపు చూస్తూ అంది. "నీ నొప్పి నిజమని నేనూ అనుకోలేదులే. అది ఉన్నమాట."

ఆ రోజు షాపులో మందుల పెట్టెలు విప్పుతూ రెండుసార్లు తప్పు అరలో సర్దింది. షాపు యజమాని పెద్దాయన, భార్య పోయి ఆరేళ్ళైన మనిషి, కళ్ళద్దాల పైనుంచి చూశాడు. తను కూర్చునే స్టూలు తెచ్చి కౌంటరు వెనక, ఆమె ఆనుకుని కూర్చునేలా గోడవారగా పెట్టి, తను నిలబడి జనాన్ని చూసుకున్నాడు. నాలుగు నెలలుగా నొప్పొచ్చిన ప్రతిసారీ ఆ స్టూలు అలాగే జరిగి దగ్గరికి వస్తోందని ఆమెకి అప్పుడు తట్టింది. ఆయన ఎప్పుడూ "నిజంగానేనా?" అనలేదు.

జనం పల్చబడ్డాక అడిగింది. "సార్, ఉత్తుత్తి మాత్రతో తగ్గితే అది ఉత్తుత్తి నొప్పేనా?"

ఆయన రసీదు పుస్తకం మూశాడు. "మెట్ల మీంచి పడ్డ పసిపిల్లని వాళ్ళమ్మ ఎత్తుకుంటే ఏడుపాపేస్తుంది. అంతమాత్రాన చెయ్యి విరగలేదనుకుంటామా అమ్మా? ఎత్తుకోవాలి, ఎక్స్‌రే కూడా తీయించాలి. రెండూ." కళ్ళద్దాలు తీసి తుడిచాడు. "మా ఆవిడ నాకేం లేదండీ అనేది. నేను నమ్మేవాణ్ణి. అలా నమ్మితే నాకు సుఖంగా ఉండేది. వెళ్ళిరా. షాపు నేను చూసుకుంటాను."

ఎక్కడికి అని ఆమె అడగలేదు. బ్యాగులోంచి కాగితం తీసింది. మడత దగ్గర రెండు ముక్కలైంది. పెద్దాయనే టేపు అతికించి ఇచ్చాడు.

స్కాన్ గదిలో బల్ల మీద పడుకుని, చల్లటి జిగురు డొక్క మీద పాకుతుంటే, ఒక్కటే అనుకుంది: ఏమీ లేదని వచ్చినా సరే. ఏమీ లేకపోయినా నాకు నొప్పెట్టింది. అలా అనుకోవడం జీవితంలో మొదటిసారి. అనుకోగానే బిగబట్టిన ఊపిరి దానంతటదే వదులైంది. స్కాన్ తీసే అమ్మాయి తెర తనవైపు తిప్పుకుని, కొంతసేపు చూసి, లోపలి డాక్టరుని పిలిచింది. పిత్తాశయం నిండా రాళ్ళు. దాని గోడ వాచిపోయింది. "ఇన్నాళ్ళు ఎలా ఓర్చుకున్నారండీ?" అంది డాక్టరు. "ఈ వారంలోనే ఆపరేషన్ చేయించుకోండి. ఇంట్లోవాళ్ళతో మాట్లాడి తారీఖు చెప్తారా?"

"గురువారం రాసెయ్యండి," అంది ఆమె.

సాయంత్రం అతను వచ్చేసరికి రిపోర్టు టేబుల్ మీద ఉంది. నిలబడే చదివాడు. మళ్ళీ మొదట్నుంచీ చదివాడు. కుర్చీ లాక్కున్నాడు. "ఇంత ఉంటే కాస్త గట్టిగా చెప్పొచ్చుగా," అన్నాడు.

గదిలోంచి అత్తగారి గొంతు వచ్చింది. "ఇంకెంత గట్టిగా చెప్తుందిరా? పక్కింటివాళ్ళకి వినబడేలానా?"

అతను తల దించుకున్నాడు. "గురువారం నాకు మీటింగ్ ఉంది, మార్చుకుంటాలే," అని గొణిగాడు. "గురువారం నాతో అత్తయ్య వస్తానన్నారు. మీ వీలు మీరు చూసుకోండి," అంది ఆమె. కోపంగా అనలేదు. అతనికి అదే ఎక్కువ భయం వేసినట్టుంది, లేచి వంటింటి వైపు వచ్చాడు.

అప్పుడే నొప్పి తిరగబెట్టింది. ఆమె గట్టు పట్టుకుని వంగడం చూసి ఈసారి అతను పరుగెత్తాడు. అల్మారా తలుపు చప్పుడు, మందుల డబ్బా కిందపడ్డ చప్పుడు, కుళాయి చప్పుడు. ఒక చేతిలో గ్లాసు, ఇంకో అరచేతిలో మాత్రతో వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. పరుగులో గ్లాసులోని నీళ్ళు చొక్కా మీద ఒలికాయి. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆ ఎరుపు నిజమైనదే. పదకొండేళ్ళుగా చూస్తున్న మొహం, అబద్ధమైతే ఆమెకి తెలిసేది.

"వేసుకో. నిజం మాత్రే. ఒట్టు."

ఆమె గ్లాసు అందుకుంది. మాత్రని మాత్రం అతని అరచేతిలోనే ఉండనిచ్చి, లైటు కిందికి ఆ చేతిని మెల్లగా తిప్పింది, షాపులో తిప్పినట్టే.

"షీటు చూపించండి," అంది.