మబ్బు కింద పదకొండిళ్లు

నలభై మూడో ఇంటికప్పు దగ్గర గోడల బాబాయి వేలు ఆగింది.

"ఇది ఇల్లు కాదమ్మా, పశువుల పాక. తీసెయ్."

మ్యాపులు చూసే అమ్మాయి మౌస్ నొక్కింది. తెర మీద చుక్క పోయింది.

ముప్పయ్యేళ్లు వీపున పంపు మోసి, ఇళ్లలో గోడలకు దోమల మందు కొట్టాడాయన. మోకాళ్లు అరిగాక ఆఫీసులో కుర్చీ ఇచ్చారు. ఉపగ్రహం తీసిన ఫొటోలో కంప్యూటర్ ఒక్కో ఇంటికప్పు మీద ఒక్కో చుక్క పెడుతుంది. ఏది ఇల్లో, ఏది కాదో చెప్పడం ఆయన పని. ఎన్ని చుక్కలుంటే అన్ని ఇళ్లకే మందు వెళ్తుంది. ఆయనకు మనుషుల పేర్లు గుర్తుండవు, గోడలు గుర్తుంటాయి. మట్టిగోడ మందు తాగేస్తుంది, సిమెంటుగోడ కార్చేస్తుంది. "ఇన్నేళ్లు మందు కొట్టి ఒక్కనాడూ తూలనివాణ్ణి నేనే" అని రోజుకోసారి అంటాడు. అమ్మాయి రోజూ నవ్వుతుంది.

కొండవాలు దగ్గరికొచ్చేసరికి ఫొటోలో తెల్లటి మచ్చ. మబ్బు. దాని కింద చుక్కల్లేవు.

"ఇక్కడ పదకొండిళ్లుండాలి."

"కంప్యూటర్ సున్నా అంటోంది బాబాయ్."

నిరుడూ అక్కడ మబ్బే. మందు కొట్టేవాళ్లకు తెలియదా, వాళ్లే వెళ్తారులే అనుకుని ఆయన ఊరుకున్నాడు. వాళ్లు వెళ్లలేదు. వానలు వెనకబట్టేలోగా ఆ వాలు మీద ఇద్దరు పిల్లలు మలేరియాతో పోయారు. తాను ఊరుకున్న సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు, భార్యకు కూడా.

జాబితా సాయంత్రం నాలుగింటికి మూసేస్తారు. కొత్త ఫొటోకు వారం పడుతుందంది అమ్మాయి. ఎవరైనా ఆ గుమ్మాల ముందు నిలబడి ఫోన్‌లో మీట నొక్కితే చుక్క వచ్చి పడుతుందని కూడా చెప్పి, నాలిక కరుచుకుంది.

"మీ మోకాళ్లు..."

"అవీ నాతోనే వస్తాయిలే."

బస్సు దిగేసరికి ఒంటిగంట. నాలుగడుగులు ఎక్కడం, ఆగడం, మళ్లీ ఎక్కడం. మొదటి గుమ్మం ముందు మీట నొక్కాడు. పడిందని అమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. అయిదో గుమ్మంలో ఉన్నావిడ ఆయన్ను గుర్తుపట్టింది. పోయిన పిల్లల్లో ఒకడి తల్లి.

"నిరుడు ఎవరూ రాలేదేం అన్నయ్యా?"

తిట్టినట్టు లేదు, తెలుసుకుందామని అడిగినట్టుంది. ఆయన గోడను చూశాడు. మట్టిగోడ.

"తప్పు నాదేనమ్మా. చెప్పాల్సినవాణ్ణి, చెప్పలేదు. రేపు వస్తారు, సామాను బయట పెట్టుకో."

ఆవిడ కుండలోంచి నీళ్లు ముంచి ఇచ్చింది. తాగి పైకి నడిచాడు.

మూడూ నలభైకి పదకొండో చుక్క పడింది. అన్నీ వచ్చాయి, ఇక దిగమంది అమ్మాయి. కాస్త కూర్చుని దిగుతానన్నాడు. ఆ ఇంటికి ఎగువన బండ ఉంది. అక్కడినుంచి కప్పులన్నీ కనిపిస్తున్నాయి. లెక్కపెట్టాడు. సరిపోయాయి. లేవబోతే ఎడమచెయ్యి బరువెక్కింది. ఫోన్ జేబులో పెట్టుకోబోతుంటే వేలు మీటకు తగిలింది.

ఆఫీసులో పన్నెండో చుక్క పడింది. అమ్మాయి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. వాలు మీదివాళ్లు ఆయన్ను మోసుకుని కిందికి దిగేసరికే ప్రాణం పోయింది.

జాబితా ఉన్నది ఉన్నట్టే మూశారు. మర్నాడు మందు కొట్టేవాళ్లు పదకొండిళ్ల గోడలూ తడిపి, పన్నెండో చుక్క వెతుక్కుంటూ పైకెక్కారు. అక్కడ ఇల్లు లేదు. బండ మీద ఒక టిఫిన్ డబ్బా ఉంది. దాని చుట్టూ ఆయన భార్య కట్టిన గుడ్డ ముడి ఇంకా విప్పలేదు.