గేటు అవతల కుర్మయ్య

చక్రపాణి చెడ్డవాడేం కాదు. అదే వచ్చిన చిక్కు. గుంటూరు వైపు నుంచి ఉద్యోగం మీద వచ్చి, మేడ్చల్‌లో కొత్త కాలనీలో ఇల్లు కట్టుకున్నాడు. పగలు ఆఫీసు, సాయంత్రాలు నాటకాలు. రావల్కోల్ నుంచి సైకిల్ మీద పాలు తెచ్చే కుర్మయ్యను ఆపి కష్టసుఖాలు అడిగేవాడు కూడా.

రెండువేల రెండులో వానల్లేక కుర్మయ్య బోరు ఎండిపోయింది, గేదెలు అమ్ముడుపోయాయి. ఓ సాయంత్రం వచ్చి గేటు దగ్గర నిలబడి, "సారూ, జర మాట్లాడాలె" అని పిలిచాడు. చక్రపాణి మంచి సీను రాస్తూ మధ్యలో ఉన్నాడు. తలెత్తకుండానే "రేపు రావయ్యా" అన్నాడు. తెల్లారేసరికి కుర్మయ్య పొలంలో పురుగుల మందు తాగి పడి ఉన్నాడు.

చక్రపాణి కుమిలిపోయాడు, నిజమే. నెల తిరక్కుండా దాన్నే నాటకం చేశాడు, అదీ నిజమే. రాసుకుంటూ కూర్చున్న రచయితను గేటు బయటి నుంచి ఒక మనిషి పిలుస్తాడు. రచయిత లేవడు. ఆ మనిషి అక్కడే మందు తాగుతాడు. రచయిత వేషం తనే వేసుకున్నాడు మహానుభావుడు.

నాటక పోటీల రోజు, కొడుకు కథే ఆడుతున్నారని విని కుర్మయ్య తల్లి సిద్దమ్మ వెతుక్కుంటూ వచ్చింది. ముఖానికి రంగు వేసుకుంటున్న చక్రపాణి ఎదుట నేల మీద కూలబడింది.

"అప్పుడు లేవకపోతివి సారూ. గిది ఆటనే గద, గిప్పుడన్న లేసి గేటు తియ్యి. నా కొడుకు లోపలికొస్తే ఒక్కపారి సూసి పోత."

"తీస్తానమ్మా," అన్నాడు చక్రపాణి. మనస్ఫూర్తిగానే అన్నాడు.

తెర లేచింది. కుర్మయ్య వేషం కట్టినవాడు గేటు పట్టుకుని "సారూ" అని పిలిచాడు. చక్రపాణి కలం ఆగింది. ముందు వరసలో సిద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తోంది. ఆమె పక్కనే న్యాయనిర్ణేతలు ఊపిరి బిగబట్టి ముందుకు వంగారు. ఇప్పుడు లేస్తే నాటకం చప్పబడిపోతుంది. పాడు బుద్ధి, అంత బాధలోనూ దానికి ఆ సంగతి తెలుస్తూనే ఉంది. రెండోసారి పిలుపు వినిపించింది. కలం మళ్లీ కదిలింది.

వేషగాడు మందు తాగి పడిపోయాడు. సిద్దమ్మ మెల్లగా మెట్లెక్కి స్టేజీ మీదికి వచ్చి, వాడి తల ఒళ్లోకి తీసుకుంది.

"లెవ్వు కొడుకా. సారు ఇంక రాసుకుంటనే ఉన్నడు. మనం ఇంటికి పోదాం."

అదీ నాటకంలో భాగమేననుకుని జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. చక్రపాణి వెక్కివెక్కి ఏడ్చాడు. కళ్లు తుడుచుకుని ముందున్న కాగితం చూసుకున్నాడు. ఆమె అన్న మాటలు అక్షరం పొల్లుపోకుండా, ఇంకా తడి ఆరని తన రాతలో దాని మీద ఉన్నాయి.