నీళ్లమడిలో పలక సవారి

గులాబ్‌బీ బసకు జనం వచ్చేది నిద్రపోవడానికి కాదు, జారడానికి. నవ్వుకుంటే నవ్వుకోండి, నాకేం. నాట్లకు ముందు నీళ్లు కట్టిన మడిలో బురద చదును చెయ్యడానికి ఎద్దుల వెనక పొడవాటి పలక కట్టి, దాని మీద మనిషి నిలబడతాడు చూడండి, రోజూ చేసేవాడికి అది ఒట్టి చాకిరీ. పులివెందుల మెట్ట నుంచి వచ్చినవాడికి మాత్రం తిరునాళ్లే. నీళ్లకు మొహం వాచిన మనుషులాయె!

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తల్లో మాట ఇది. ప్రొద్దుటూరు అవతల, కాలువ కింద ఊరు. భర్త పీర్ సాహెబ్ పోయాక గులాబ్‌బీ ఇంటి పక్క కొట్టంలో మంచాలు వేసి ఈ బస మొదలుపెట్టింది. మడికి నీటి వంతు వచ్చినప్పుడే సవారి, ఆట కోసమని కాలువలోంచి చెంబెడు నీళ్లు కూడా తియ్యకూడదు. ఎద్దులు సిద్దయ్యవి, పాలు ఓబమ్మ బర్రెవి. సాయిబుల ఇంట్లో తినమనేవాళ్లకు పెద్దసుబ్బమ్మ వండి పెట్టేది. దానికి గులాబ్‌బీ చిన్నబుచ్చుకోలేదు, ఊళ్లో ఇంకో పొయ్యి వెలిగింది కదా అనుకుంది. అతిథులకు జారినంత సంబరం, ఊరికి ఖర్చు లేకుండా మడి చదును. అయితే మొదటిరోజే ఊరందరి ముందూ ఒక మాట ఇచ్చింది: తన బసకొచ్చిన చుట్టాల వల్ల ఎవరి పైరుకైనా చెడుపు జరిగితే బస ఎత్తేస్తానని.

ఒక ఏడు పులివెందుల నుంచి గంగాధర్ అని శెనక్కాయల వ్యాపారి వచ్చాడు. భారీ మనిషి. ఎద్దుల మధ్యే పుట్టి పెరిగానని కోతలు కోసి, సిద్దయ్య వద్దంటున్నా పగ్గాలు తనే పట్టుకున్నాడు. ఎద్దులు కాస్త జోరందుకునేసరికి పాపం భయపడ్డాడు. మెట్టచేలో మట్టి గుల్లచేసే గుంటక మీద వెనక్కి ఒరిగి బరువేస్తే అది మట్టిలో దిగి ఎద్దులు నెమ్మదిస్తాయి. ఆయనకు తెలిసిన విద్య అదే, అదే చేశాడు. నీళ్లలో వెనక్కి ఒరిగితే పలక ముక్కు పైకి లేచి ఇంకా తేలిగ్గా జారుతుందని ఆయనకెవరు చెప్పారు? ఆయన ఒరిగేకొద్దీ ఎద్దులు ఉరికాయి. గట్టు దాటి ఓబమ్మ నారుమడిలో పడ్డాయి. ఆ కొస నుంచి ఈ కొస దాకా నారంతా బురదలో కలిసిపోయింది.

ఓబమ్మకు నాటుకోవడానికి ఉన్నది ఒకే మడి. తెల్లారితే నీటి వంతు ఆమెదే. నారు లేకపోతే ఆ ఏడు గింజ లేదు. కమ్మల కొట్టం, నులక మంచాలు, నాలుగిళ్ల కూడు, అన్నీ గులాబ్‌బీ కళ్లముందే కూలిపోయినట్టయింది. ఓబమ్మ ఇంటికి పోయి ఏడ్చినంత పనిచేసింది. ఓబమ్మ వక్కాకు నములుతూ అంతా విని, పొద్దున మడికాడికి రమ్మని మాత్రం చెప్పింది. ఆ రాత్రి గులాబ్‌బీ కంటికి కునుకు లేదు.

ఆ ఊళ్లో ఎవరు నారు పోసినా నాలుగు కట్టలు మిగిలేలా పోస్తారు, తక్కువపడ్డవాళ్లు తీసుకుపోవడం ఆనవాయితీ. పొద్దున్నే ఇంటింటి మిగులూ ఓబమ్మ గట్టుకు చేరింది. సగం కట్టలు గంగాధరే నెత్తిన మోసుకొచ్చాడు, తలెత్తకుండా. నారు దొరికినందుకు గులాబ్‌బీ ప్రాణం కుదుటపడింది గానీ, ఇచ్చిన మాట మాటే. అందరి ముందూ నిలబడి, ఈ రోజుతో బస మూసేస్తున్నానంది.

"ఉండు మే," అంది ఓబమ్మ. "చెడింది నా నారు. మూయాల్నో వద్దో చెప్పేదాన్ని నేను. నాకు జరిమానా కావాల."

ఏం కావాలో చెప్పమంది గులాబ్‌బీ.

"పుట్టినప్పట్నుంచీ మగోళ్లు పలక మీద పోతాంటే గట్టున నిలబడి సూస్తానే ఉండా. శానా ఆశ నాకు. ఈ పొద్దు నా మడిలో నేనే ఎక్కుతా."

ఆడవాళ్లు పలకెక్కడం ఊళ్లో లేని ఆచారమని సిద్దయ్య నసిగాడు. ఓబమ్మ ఒక్క చూపు చూసేసరికి పలక సరిచేశాడు. ఆమె కోక ఎగదోపుకుని ఎక్కి, గులాబ్‌బీ చెయ్యి పట్టి లాగింది. ఇన్నేళ్లుగా ఊరూరి జనాన్ని పలకెక్కించిన గులాబ్‌బీ తను మాత్రం ఎన్నడూ ఎక్కి ఎరగదు. సిద్దయ్య పగ్గాలు పట్టి అదిలించాడు, ఎద్దులు కదిలాయి. బురదనీళ్లు మొహాన కొట్టాయి. ఓరి దేవుడా, ఏం హాయి! భయమంతా నవ్వై పొంగింది. ఓబమ్మ నడుం గట్టిగా పట్టుకుని, ఊరంతా చూస్తుండగా పకపకా నవ్వింది. గట్టు మీద గంగాధర్ కళ్లు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు.

మూల మలుపులో సిద్దయ్య ఎద్దులను నిలపబోయాడు.

"ఆపొద్దు సిద్దప్పా, ఇంకో సుట్టు తిప్పు," అంది ఓబమ్మ. "రేపట్నుంచి గులాబు బసకు ఆడోళ్లు గూడా వస్తారు. వాళ్లకు నేర్పేది నేనే."